మిరపతోటలో మూడు గొట్టాలు

అక్క పోయిన మూడో రోజు చర్చిలో కూడిక పెట్టారు. తమ్ముడిగా ఆమెను గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నేను లేవలేదు. పాస్టరు గారు నా వంక రెండుసార్లు చూసి, పాట మొదలుపెట్టమని సైగ చేశారు. దుఃఖంతో లేవలేకపోయానని అందరూ అనుకున్నారు. అది కొంతవరకే నిజం. ఆమెను గురించి నేను చెప్పాల్సిన సంగతి ఒకటే ఉంది. అది రెండు మాటల్లో అయ్యేది కాదు. దాంట్లో నా గురించి మంచి మాట ఒక్కటీ లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అరవైల చివరి మాట ఇది. మా నాన్న మిషన్ బడిలో టీచరు. అక్కను ఎనిమిది దాకా చదివించి, గురజాల నుంచి పిడుగురాళ్ల పోయే దారిలో ఒక ఊరికి ఇచ్చారు. బావకు మూడెకరాల నల్లరేగడి ఉండేది. కాలువ రాకముందు ఆ నేలలో జొన్న, కంది, ఆముదం తప్ప ఏమీ ఎరగరు. వాన పడితే పంట, పడకపోతే లేదు. అలాంటి ఊరికి కాలువ నీళ్లు వచ్చాయి. మొదటి ఏడు జనం నీళ్లు చూసి ఆగలేకపోయారు. వంతు వచ్చినప్పుడల్లా చేను నిండా పెట్టారు. నల్లరేగడి తాగిన నీళ్లు తొందరగా వదలదు. బావ మిరప వేశాడు. మొక్క మొదట్లో వేరు కుళ్లి, రెండు వారాల్లో చేనంతా తల వాల్చి చచ్చింది.

ఆ ఏడు క్రిస్మస్‌కు నేను వాళ్లింటికి పోతే బావ ఒక్కటే అన్నాడు. "ఇంకొక్కసారి వేస్తా. ఈసారీ పోతే పొలం కౌలుకిచ్చి సున్నపు బట్టీకి పోతా."

అక్క వంటింట్లోంచి విన్నది. బావ అన్న అప్పటికే బట్టీలో ఆరేళ్లు చేసి, దగ్గుతో ఇంటికొచ్చి మంచంలో ఉన్నాడు. ఆ దగ్గు అక్క రోజూ వింటూనే ఉంది. ఆమె బయటికొచ్చింది. నన్ను పక్కకు పిలిచి, "నువ్వు వ్యవసాయ ఆఫీసులో ఉన్నావు గదరా. ఏదో ఒకటి చూడు" అంది.

నేను అప్పుడు నర్సరావుపేట ఆఫీసు కింద ఫీల్డు అసిస్టెంటును, గురజాలలో గది తీసుకుని ఉండేవాణ్ణి. ఆ క్రిస్మస్ తర్వాతి వేసవిలో మా ఆఫీసుకు మూడు గొట్టాలు వచ్చాయి. నేలలో తడి ఎంత ఉందో చెప్పే పరికరాలు. కాలువ కింద రైతులు నీళ్లు ఎక్కువ పెడుతున్నారు కాబట్టి, ఎప్పుడు పెట్టాలో వీటితో చూసి చెప్పాలని పై ఆఫీసరు ఉద్దేశం. ఒప్పుకునే రైతు కావాలన్నారు. బావ పేరు నేనే చెప్పాను. ఆయన నాకు బావ అవుతాడని మాత్రం చెప్పలేదు.

ఆ గొట్టం సంగతి తేలికగానే చెప్పొచ్చు. మూరెడు పైన పొడవు, నేల పైకి కనపడే భాగం గాజు. కింది కొసన కాల్చిన మట్టితో చేసిన చిన్న గిన్నె. కుండలాగే అది నీళ్లు చెమరుస్తుంది. పైన మూత, పక్కన గడియారం లాంటి బిళ్ల, దాని మీద ముల్లు. గొట్టం నిండా నీళ్లు పోసి, గాలి లేకుండా మూత బిగించి, గిన్నె మొక్క వేళ్ల దగ్గర ఉండేలా పాతిపెట్టాలి. నేల ఎండేకొద్దీ గిన్నెలోంచి నీళ్లు లాక్కుంటుంది. ఆ లాగుడుకు ముల్లు సున్నా నుంచి పైకి పోతుంది. సున్నా అంటే తడి నిండుగా ఉన్నట్టు. ముల్లు పైకి పోయినకొద్దీ నేల ఎండుతున్నట్టు. మరీ ఎండితే గాలి లోపలికి దూరి గొట్టం ఖాళీ అవుతుంది.

నారు నాటిన పది రోజులకు గొట్టాలు పెట్టాం. గిన్నెలు ముందురోజే బక్కెట్లో నానేశాను. పెద్ద బరమాతో నేలకు బెజ్జాలు వేసి, అదే మట్టి బురదగా కలిపి బెజ్జంలో పోసి, గొట్టం దింపి, చుట్టూ నొక్కాను. గొట్టాలతో పాటు వచ్చిన కాగితంలో ఎలా ఉందో అలాగే చేశాను. దిగువ పొలం ఆయన గట్టు మీద కూర్చుని అంతా చూశాడు. పెద్దాయన, ఊరంతా బాబాయ్ అనేవాళ్లు.

"ఏందిరా, మీ బామ్మర్ది నేలకి జ్వరం చూస్తన్నాడా?" అన్నాడు బావతో.

"జ్వరం కాదు బాబాయ్, దప్పిక చూస్తన్నాడు."

"దప్పికైతే చెట్టే అడిగిద్ది గదరా. ఆకు వాలేసిద్ది."

"ఆకు వాలేదాకా ఆగితే పూత పోయిద్దంట. ఇది ముందే చెప్పిద్దంట."

ఆయన దిగి వచ్చి బిళ్ల మీదికి వంగాడు. "ఈ సున్నా ఏందబ్బాయ్?"

"తడి నిండుగా ఉన్నట్టు బాబాయ్" అన్నాను.

"మా ఇంట్లో సున్నా అంటే గాదె ఖాళీ. మీ ఆఫీసులో సున్నా అంటే నిండుగానా! చానా బాగుంది. అందుకే మీ కాగితాల్లో మా ఊరు నిండుగా ఉంటది."

బావ నవ్వాడు. ఏడాది తర్వాత బావ నవ్వగా నేను చూడటం అదే.

గొట్టాలను కనిపెట్టి ఉండే పని అక్కకు అప్పగించాను. ఆమె రోజూ పొలంలో ఉంటుంది, చదువుకున్నది, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. నేను చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "గొట్టం ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదక్కా. ఖాళీ అయితే పాడైపోయిద్ది. కాచి చల్లార్చిన నీళ్లే పొయ్యాలి." అంతే. ఎప్పుడు పోయాలో చెప్పలేదు. పోసే ముందు నాకు చూపించమని చెప్పలేదు. నీళ్లు పోసి మూత బిగించగానే ముల్లు సున్నాకు వచ్చేస్తుందని, మళ్లీ నిజం చెప్పడానికి దానికి సగం రోజు పడుతుందని చెప్పలేదు. అవన్నీ కాగితంలో ఉన్నాయి. కాగితం నేను చదివాను.

అక్క ఆ పని ఎంత శ్రద్ధగా చేసిందంటే, ఆ నీళ్లకు వేరే గిన్నె పెట్టి కాచేది. గుడ్డలో వడగట్టేది. గొట్టాల చుట్టూ పొయ్యి అలికినట్టు మట్టితో గుండ్రంగా అలికింది. వాటికి గడ్డి పరక అంటకుండా చూసేది. నేను రోజు విడిచి రోజు పొద్దున ఎనిమిదింటికి సైకిలు మీద పోయి ముల్లు ఎక్కడుందో పుస్తకంలో రాసుకునేవాణ్ణి. గొట్టాలు ఎప్పుడూ నిండుగా, తళతళలాడుతూ ఉండేవి. మా అక్క చేతి పని అని నాకు గర్వంగా ఉండేది.

కార్తీకం వచ్చేసరికి మిరప మోకాలెత్తు పెరిగి పూతకొచ్చింది. పదిరోజులకోసారి కాలువ నీటి వంతు. పైనుంచి బావకు వస్తే, బావ తర్వాత దిగువ పొలం బాబాయికి. వానలు ఆగిపోయాయి. పగలు ఎండ, తూర్పు గాలి. వంతు రోజు పొద్దున నేను చూస్తే ముల్లు మూడు గొట్టాల్లోనూ సున్నాకు దగ్గర్లోనే ఉంది.

"ఈ వంతు వద్దు బావా. తడి ఉంది" అన్నాను.

బావ గుంటక తోలిన పైమట్టి చేత్తో తోసి, పిడికెడు మట్టి తీసి నా ముందు పెట్టాడు. "ఇదేంది మరి? పొడి."

"పైన అట్లాగే ఉండిద్ది. వేరు దగ్గర తడి ఉంది. పోయినేడు తడెక్కువై ఆ వేరు కుళ్లింది."

బావ మట్టి వదిలేశాడు. పోయినేడు మాట అంటే ఆయన దగ్గర సమాధానం ఉండదని నాకు తెలుసు. నీళ్లు బాబాయి చేలోకి పోయాయి.

మళ్లీ పది రోజులకు వంతు వచ్చింది. ముల్లు అలాగే ఉంది. ఈసారి బావ పార భుజాన వేసుకునే వచ్చాడు.

"నేను పెట్టుకుంటా."

"బావా, నా మాట విను."

"మొక్క రంగు మారింది. నీకు కనపడట్లా?"

నాకు కనిపించింది. ఆకు కాస్త నల్లబడినట్టు, దళసరిగా ఉంది. అయినా నా పుస్తకంలో వరసగా రాసిన అంకెలు ఉన్నాయి. గడిచిన ఇరవై రోజుల అంకెలు. అన్నీ ఒకే మాట చెబుతున్నాయి.

అప్పుడు అక్క మధ్యలోకి వచ్చింది. "వాడు చదువుకున్నోడు. పోయినేడు నీ లెక్కన పెట్టాం. ఏమైంది? ఒక్క ఏడు వాడి మాట వింటే నీ సొమ్మేం పోయింది?"

"ఏమే, నేను వద్దన్నానా?" అన్నాడు బావ. పార గట్టు మీద పడేసి ఇంటికి పోయాడు. ఆ నీళ్లు కూడా బాబాయి చేలోకే పోయాయి. ఆయన మమ్మల్ని ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే బాగుండేది. మా చేను వంక ఒకసారి చూసి, తన చేలో నీళ్లు తిప్పుకోవడానికి పోయాడు.

మూడో వంతు రేపనగా నేను బయల్దేరితే దారిలో సైకిలు టైరు పేలింది. దగ్గర్లో షాపు లేదు. సైకిలు తెలిసిన వాళ్లింట్లో పెట్టి, అడ్డదారిన కాలువ కట్ట మీదుగా నడిచాను. అలా పోతే పొలానికి వెనకవైపు నుంచి చేరతాం. ఎప్పుడూ రోడ్డు వైపు నుంచే పోయేవాణ్ణి. ఆ రోజే మొదటిసారి అటునుంచి పోవడం.

కట్ట మీంచి చేను మొత్తం కనపడింది. ఎనిమిది కూడా కాలేదు, ఎండ ఇంకా ముదరలేదు. ఆ చల్లటి వేళలో మొక్కలన్నీ తలలు వేలాడేసి ఉన్నాయి. మధ్యాహ్నం వాలి, సాయంత్రానికి లేచే మొక్కకు ఇంకా ప్రాణం ఉన్నట్టు. పొద్దున్నే వాలి ఉందంటే దానికి రాత్రంతా తాగడానికి ఏమీ దొరకలేదని. ఇది తెలుసుకోవడానికి ఏ కాగితం అక్కర్లేదు. సాళ్ల మధ్య తెల్లగా ఏదో చల్లినట్టుంది. దగ్గరికి దిగాక చూశాను. పూత. మొత్తం రాలి ఉంది.

మొదటి గొట్టం నాకు పది అడుగుల్లో ఉంది. ఖాళీగా ఉంది. గాజు మీద ఒక్క నీటి బొట్టు లేదు. రెండోదీ అంతే.

అక్క మూడో గొట్టం దగ్గర వంగి ఉంది. మూత తీసి చెంబుతో నీళ్లు పోస్తోంది. పోస్తూ రోడ్డు మీది తూము వైపు చూస్తోంది. నా సైకిలు ఆ తూము దగ్గర మలుపు తిరిగితే పొలంలోకి కనపడుతుంది. మూత బిగించి, కొంగుతో గొట్టం తుడిచి, రెండో దాని వైపు గబగబా నడిచింది. అప్పుడు నన్ను చూసింది.

"ఇటునుంచి వచ్చావేందిరా? ఆగు, ఆగు, ఇంకా రెండున్నయి."

"ఏందక్కా ఇది?"

"ఏంది ఏందిరా? ఖాళీగా ఉండకూడదన్నావుగా."

"రోజూ పోస్తున్నావా?"

"నువ్వొచ్చే రోజు, నువ్వొచ్చే ముందు. తూము కాడ సైకిలు కనపడేలోపు మూడూ నింపేస్తా. ఖాళీ వాటిని నీకు ఎదురుగా పెట్టి పొలంలోకి రమ్మంటానా? మంచి పని మీద వచ్చేవాడివి."

మా ఇంట్లో శకునాలు చూడకూడదని నాన్న గట్టిగా చెప్పేవాడు. అక్క ఆదివారం బడిలో పిల్లలకు అదే చెప్పేది. అయినా బయటికి పోయే మనిషికి ఖాళీ బిందెతో ఎదురు రావడమనేది మా అక్కే కాదు, ఆ ఊళ్లో చర్చికి పోయే ఏ ఆడమనిషీ చేయదు. అది నమ్మకం కూడా కాదు, మర్యాద. ఆ మర్యాదలోనే నేనూ పెరిగాను. అయినా నాకు తట్టలేదు.

  నా చేతిలో పుస్తకం ఉంది. అందులో ఉన్న అంకెలన్నీ అప్పుడే పోసిన చెంబు నీళ్లవి. ఖాళీ గొట్టం నాకు చెప్పాల్సిన వార్త. ఆ వార్తను ఆమె నాకోసం తుడిచి పెడుతూ వచ్చింది. నేను ఆ శుభ్రతను చూసి గర్వపడుతూ వచ్చాను.

"ఎన్నాళ్ల నుంచి ఖాళీ అవుతున్నయి?" అన్నాను.

"మొదటి వంతు వద్దన్నావు చూడు, దానికి నాలుగు రోజుల ముందు నుంచి. ఏమైందిరా? ఎందుకట్టా చూస్తన్నావు?"

చెప్పాను. నీళ్లు పోయగానే ముల్లు సున్నాకు వస్తుందని, గొట్టం ఖాళీ అయిందంటే నేల పూర్తిగా ఎండిందని, రెండు వంతులు మనమే పోగొట్టామని. చెంబు ఆమె చేతిలోనే ఉంది. ఒకసారి చెంబులోకి చూసింది. తర్వాత సాళ్లలో పడి ఉన్న పూతను చూసింది. నిలబడ్డది నిలబడ్డట్టే నేల మీద కూర్చుంది.

"నేనే చంపానా?" అంది.

కాదు అనాల్సింది. బావ ఎప్పుడు వచ్చాడో, గట్టు మీద నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడని మొహం చూస్తే తెలిసింది. దిగి వచ్చి, అక్క చేతిలో చెంబు తీసుకుని, మిగిలిన నీళ్లు ఒక మొక్క మొదట్లో పోశాడు. చెంబు గట్టు మీద పెట్టి పోయాడు.

మర్నాడు వంతుకు నీళ్లు పెట్టాడు. అంత ఎండిన నేలకు ఒక్కసారిగా నీళ్లు తగిలేసరికి మిగిలిన మొగ్గ కూడా రాలింది. ఆ ఏడు ఆ చేలో కోయడానికి కాయ లేదు. క్రిస్మస్ అయిన మూడో రోజు బావ దుప్పటి, రెండు జతల బట్టలు మూట కట్టుకుని పిడుగురాళ్ల బట్టీకి పోయాడు. పొలం బాబాయి కౌలుకు తీసుకున్నాడు.

నేను రిపోర్టు రాశాను. రైతు భార్య అజ్ఞానం వల్ల పరికరాల్లో జోక్యం చేసుకున్నందున రీడింగులు చెల్లవని ఇంగ్లీషులో రాశాను. ఆమె ఎవరో రాయలేదు. ఆమెకు నేను ఏం చెప్పానో, ఏం చెప్పలేదో కూడా రాయలేదు. ఆఫీసరు చదివి, స్పష్టంగా రాశావని సంతకం పెట్టాడు.

తర్వాత వెళ్లినప్పుడు అక్క అడిగింది. "మా గురించి పైకి ఏం రాశావురా?"

"పరికరం సరిగ్గా పని చెయ్యలేదని రాశానక్కా."

"నా పేరు రాయలేదు గదా?"

"లేదు."

పేరు నిజంగానే రాయలేదు. ఆమె ఊపిరి పీల్చుకోవడం నాకు వినపడింది.

జనవరి ఆఖర్లో బాబాయి దుక్కి దున్నుతానంటే, గొట్టాలు తీయడానికి పోయాను. అక్కా నేనే ఉన్నాం. ఆమె అలికిన మట్టి చిన్న పారతో తీశాను. దాని కింద గొట్టం చుట్టూ నల్లగా సందు. వేలు పెడితే దిగింది. అడుగుదాకా తవ్వాను. గిన్నె దగ్గర కూడా మట్టి దూరంగా జరిగి ఉంది. గిన్నెను ఏ వైపూ నేల తాకడం లేదు. గాలిలో వేలాడుతోంది.

 నల్లరేగడి ఆరితే ముడుచుకుంటుంది, పగులుతుంది. వేసవిలో ఆ పగుళ్లలో దూడ కాళ్లు ఇరుక్కుపోతే బయటికి లాగిన వాణ్ణి నేను. గొట్టానికి నేల తగలకపోతే ముల్లు లేవదు. నీళ్లు పోయకుండా వదిలినా, పోసి సగం రోజు ఆగి చూసినా అది సున్నా దగ్గరే ఉండేది. ఖాళీ గొట్టాలు చూసుంటే నాకు అనుమానం వచ్చేదేమో. రాకపోవచ్చు కూడా. నీళ్లు పోయించి, ఆ ముల్లునే నమ్మి ఉండేవాణ్ణి. కాగితం రాసిన వాళ్లది ఏ ఇసుక నేలో. నాది ఈ నేల.

అక్కకు చూపించి చెప్పాను. రిపోర్టులో ఏం రాశానో కూడా అప్పుడే చెప్పాను. దాచే శక్తి లేకపోయింది.

"అంటే, నేను పోయకపోయినా?"

"ముల్లు కదిలేది కాదక్కా."

"అజ్ఞానం అని రాశావా?"

"ఊఁ."

ఆమె ఆ గుంటలోకి వంగి చూసింది. "ఆయన పోయిన కాడ్నుంచి ఇంటికి రాలా. నా మొహం చూడలేక రావట్లేదనుకుంటన్నా" అంది. తర్వాత, "నాకు చెప్పడం కాదు. పోయి మీ బావకి చెప్పు. ఇప్పుడే పో" అంది. అంత గట్టిగా ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నమే పిడుగురాళ్ల పోయాను. బట్టీ దగ్గర అందరూ ఒకేలా ఉన్నారు. తల, కనుబొమలు, రెప్పలు తెల్లగా. మూతికి గుడ్డ కట్టుకున్న ఒకాయన తట్ట దించి నా వైపు వచ్చేదాకా బావను పోల్చుకోలేకపోయాను.

"ఏంది, ఇంత దూరం వచ్చావు? అక్క బాగుందా?"

"బాగుంది. బావా, తప్పు అక్కది కాదు."

"అక్కదని ఎవరన్నారు?"

గొట్టం చుట్టూ సందు సంగతి చెప్పాను. ఆయన మూతి గుడ్డ కిందికి లాగాడు. గుడ్డ ఉన్నంత మేర మాత్రం మనిషి రంగు ఉంది.

"ఆ సందా? రెండో వంతుకి ముందే చూశా. మీ అక్క అలికింది ఒకచోట పగిలితే సర్దబోయా. చూపుడు వేలు మొత్తం దిగింది."

"మరి నాకు చెప్పలేదేం?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "నీకు చెప్పేదేముంది? ఆరితే ఈ నేల జరిగిద్దని పసిపిల్లోడికి తెలుసు. నువ్వు ఇక్కడ పుట్టినోడివి, పైగా చదివినోడివి. తెలిసే పెట్టుంటావు. దాని పద్ధతి అదేమో అనుకున్నా."

"నాకు తట్టలేదు బావా."

"తట్టలేదా?"

పూత రాలినప్పుడు ఆయన మొహంలో లేని విస్మయం అప్పుడు కనపడింది. ఆ సందు గురించి ఒక్క మాట ఆయన నోటి నుంచి వచ్చి ఉంటే రెండో వంతు నీళ్లు చేలో ఉండేవి. అది ఆయనకూ, నాకూ ఒక్కసారే తెలిసింది. వెనక ఎవరో కేకేశారు.

"శనివారం వస్తానని చెప్పు మీ అక్కకి" అన్నాడు. గుడ్డ మూతి మీదికి లాక్కుని తట్ట ఎత్తుకున్నాడు.

నర్సరావుపేట పోయి ఫైలు అడిగాను. అప్పటికే పైకి పోయిందన్నారు. తప్పు నాదని ఉత్తరం రాసి పంపాను. జవాబు రాలేదు.

బావ శనివారం ఇంటికి వచ్చాడు. ఆదివారం అక్క పక్కన నడుస్తూ చర్చికి పోయాడట. కౌలు కాగితం మూడేళ్లకు రాసి ఉంది. సోమవారం పొద్దున బట్టీకి తిరిగి పోయాడు.